నియతకర్మ, ఉద్యోగత్యాగం – ఒక అర్చకుని స్వానుభవం



ఉద్యోగాన్ని విడిచిపెట్టడం త్యాగమా, పలాయనమా అని నన్ను అడిగేవారి సంఖ్య ఇటీవల పెరిగినది. బెంగళూరులోనో, హైదరాబాదులోనో సాఫ్ట్‌వేర్ కార్యాలయాలలో పనిచేసే పిల్లల తల్లిదండ్రులు జాతకచక్రాలు పట్టుకొని వస్తారు. "వందమందిలో ముప్పైమందిని తీసేసినారంట స్వామీ, మావాడు మిగిలినాడు గానీ నిద్ర పోవడం లేదు, తానే మానేస్తానంటున్నాడు" అంటారు. వాన కోసం ఆకాశం వైపు చూడడమే అలవాటైన మా ఆలూరులో ఇప్పుడు 'లేఆఫ్' అనే మాట కూడా రచ్చకట్ట మీద వినబడుతున్నది. నేను దశ, అంతర్దశ చూసి చెప్పగలిగినది చెబుతాను. ఆ మొదటి ప్రశ్నకు మాత్రం వెంటనే సమాధానం చెప్పను. ఒకనాడు అదే ప్రశ్నకు శాస్త్రప్రమాణంతో, నిండు గొంతుతో సమాధానం చెప్పినవాడను. ఆ సమాధానం తప్పు. ఆ తప్పును గురించి వ్రాయమని ఈ పత్రికను నడిపే మిత్రులు చిరకాలంగా అడుగుతున్నారు.

అది 2019 కార్తికమాసం. అప్పటికి నేను సమీపంలోని ఒక పట్టణంలో ఒక పత్తిమిల్లు యజమానుల ధర్మసంస్థకు చెందిన శివాలయంలో అర్చకుడను. కొలువులో చేరి 25 సంవత్సరాలు నిండినవి. సెలవు దొరికినప్పుడు స్వగ్రామమైన ఆలూరుకు వచ్చేవాడను. అట్లా వచ్చిన ఒక సాయంకాలం నా బాల్యమిత్రుడు ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ప్రాథమిక పాఠశాలలో ఒకే పలక మీద ఇద్దరం వ్రాసినవాళ్లం. నేను వేదపాఠశాలకు పోయాను, అతడు టెలిఫోన్ శాఖలో దినకూలీగా చేరి, తరువాత ఉద్యోగం ఖాయమై, తీగలు అతికే పనిలో స్థిరపడ్డాడు. చిన్ననాడు ఒకరినొకరం 'రా' అని పిలుచుకొన్నవాళ్లమే అయినా, నేను శిఖ పెంచి పంచె కట్టి తిరిగివచ్చిన నాటినుండి అతడు నన్ను 'స్వామీ' అనే అంటాడు. వద్దన్నా మానడు.

"స్వామీ, సంతకం పెట్టాల్నా, వద్దా? మీరే చెప్పాల" అన్నాడు.

ఆ సంతకం సంగతి పాఠకులలో పలువురికి జ్ఞాపకం ఉండవచ్చును. 2000 అక్టోబరు 1న టెలికాం శాఖనుండి ఏర్పడిన భారత్ సంచార్ నిగమ్, అనగా బీఎస్ఎన్ఎల్, ఆ ఏడు తీవ్రమైన ఆర్థికసంకటంలో పడినది. ఫిబ్రవరి నెల జీతాలు మార్చి నడిమికి గాని అందలేదు. అక్టోబరులో కేంద్రప్రభుత్వం పునరుద్ధరణ ప్రణాళిక ప్రకటించినది. అందులో ఒక భాగం స్వచ్ఛంద పదవీవిరమణ. 50 ఏళ్లు నిండినవారు నవంబరు 4 మొదలు డిసెంబరు 3 లోపల సమ్మతి తెలుపవచ్చును. చేసిన ప్రతి సంవత్సరానికి 35 దినాల వేతనం, మిగిలిన ప్రతి సంవత్సరానికి 25 దినాల వేతనం చొప్పున లెక్కకట్టి, ఒక పరిమితికి లోబడి ఇస్తారు. ఆ నెల దినాలలో 78,000 మందికి పైగా సంతకం చేశారు. సంస్థలో పనిచేసేవారిలో దాదాపు సగం. వారందరూ 2020 జనవరి 31న ఒకే సాయంకాలం ఇంటికి వెళ్లిపోయారు. సగం మంది ఒక్క దినంలో నిష్క్రమించిన కొలువు మన దేశచరిత్రలో మరియొకటి ఉన్నదో లేదో నేనెరుగను.

అయితే నా మిత్రుడు అరుగు మీద కూర్చున్న ఆ సాయంకాలానికి ఈ లెక్కలేవీ తేలలేదు. వదంతులు మాత్రం ఉన్నవి. సంతకం పెట్టనివారిని దూరప్రాంతాలకు పంపుతారని ఒకటి, పదవీవిరమణ వయస్సును తగ్గిస్తారని ఒకటి. స్వచ్ఛందం అనే మాటకు అతని ముఖంలో అర్థం కనబడలేదు.

నేనేమి చేశాను? అప్పుడే సంధ్యావందనం ముగించి కూర్చున్నాను, విభూతి ఇంకా ఆరలేదు. గీత పదునెనిమిదవ అధ్యాయంలోని త్రివిధత్యాగాన్ని విప్పి చెప్పాను. నియతమైన కర్మను మోహంచేత విడవడం తామసం. దుఃఖమనీ, శరీరక్లేశమనీ భయపడి విడవడం రాజసం, దానికి త్యాగఫలం లభించదు. చేయవలసినది గనుక చేస్తూ, సంగాన్నీ ఫలాన్నీ మాత్రమే విడవడం సాత్త్వికం. "నీవు భయంతో విడుస్తున్నావు. ఇది రాజసత్యాగం. జీతం ఆలస్యమైతే కానీ, నీ కర్మ నీవు చేస్తూ ఉండు" అన్నాను.

అతడు చాలాసేపు మౌనంగా ఉన్నాడు. తరువాత మెల్లగా అన్నాడు: "పని ఉంటే కదా స్వామీ విడిచేది? పొద్దున పోయి తాళం తీసి కూర్చుంటాండా. తీగ తెగిందని ఎవరన్నా వస్తే అతికేదానికి కేబుల్ లేదు. కరెంటు పోతే డీజిల్ లేదు. ఇంటింటికీ ల్యాండ్‌లైన్ తీసేయమని కాగితాలు ఇస్తాండారు, అవి రాసుకుంటాండా. నేను పనిని విడవలేదు, పనే నన్ను విడిచి శానా దినాలైంది."

ఈ మాటకు నా వద్ద శ్లోకం లేకపోయినది. అయినను ఊరుకోలేదు. మరొకసారి నియతకర్మ అన్నాను. అతడు చేతులు జోడించి లేచి వెళ్లాడు. గడువు ముగిసే ముందు సంతకం పెట్టాడని తరువాత తెలిసినది.

ఇక్కడ నా శాస్త్రదోషం ఏమిటో చెప్పవలెను. శంకరభగవత్పాదులు ఆ ఘట్టంలో నియతం అనే పదానికి నిత్యకర్మ అని అర్థం చెప్పారు. నాకు సంధ్యావందనం నియతం. గృహస్థునికి పంచమహాయజ్ఞాలు నియతం. జీతానికి చేసే కొలువు వృత్తి, జీవిక. వృత్తి ధర్మబద్ధంగా ఉండవలెననడంలో సందేహం లేదు. కాని ఒక యజమాని ఇచ్చిన పదవిని, ఋషులు విధించిన కర్మతో సమానం చేసి, దానిని వదలడమే పాపమని చెప్పడానికి గీతలో ఆధారం లేదు. పాఠశాలలో భాష్యశాంతి చేసినవాడను, ఈ భేదం నాకు తెలియనిది కాదు. తెలిసి కూడా ఎందుకు కలిపివేశాను? అతనికి కాదు, నాకు నేను చెప్పుకొంటున్నాను గనుక. నా కొలువు కూడా అప్పటికి కూలుతున్నది.

అర్చకుడు ఉద్యోగి ఏమిటని కొందరికి తోచవచ్చును. పూర్వం మా వంశాలలో మిరాశీ ఉండేది, ఈనాము భూమి ఉండేది. 1987 నాటి దేవాదాయ చట్టం వంశపారంపర్య హక్కులను రద్దుచేసినది. 1996లో సుప్రీంకోర్టు దానిని సమర్థిస్తూ, పూజావిధి మతసంబంధమైనదే గాని అర్చకుని నియామకం లౌకికవ్యవహారమన్నది. 2007లో చట్టాన్ని సవరించి వంశార్చకులకు కొంత ఊరట కల్పించారు. మా తండ్రిగారు ఆ మధ్యకాలమంతా మనోవ్యధతో గడిపారు. నేను మాత్రం మొదటినుండి ప్రైవేటు ధర్మసంస్థలో నెలజీతానికి చేరినవాడను. జీతపు పుస్తకంలో నా సంతకం కాపలాదారు సంతకానికి పైన, గుమాస్తా సంతకానికి క్రింద ఉండేది. స్మృతుల దృష్టిలో మా స్థితి మరీ గౌరవప్రదమేమీ కాదు. మనుస్మృతి మూడవ అధ్యాయం దేవలకుని, అనగా దేవతార్చనతో జీవించేవానిని, శ్రాద్ధభోజనానికి అనర్హుల పంక్తిలో చేర్చినది. ఆగమాలు దానికి వేరు సమాధానం చెబుతాయి, ఆ చర్చ ఇక్కడ వద్దు. జీతం తీసుకొని శివుని తాకేవాడు ప్రతిదినం ఒక సన్నని అంచు మీద నడుస్తాడని మాత్రం ఆ స్మృతికారునికి తెలుసును.

1994లో నేను చేరిన నాడు ఆ చిన్న ఆలయంలో 11 మంది ఉండేవారం. ఇద్దరు అర్చకులం, ఒక పరిచారకుడు, స్వయంపాకి, సన్నాయి వాయించే అతడు, డోలు వాయించే అతడు, పూలు కట్టే వృద్ధురాలు, ఇద్దరు ఊడ్చేవారు, కాపలాదారు, గుమాస్తా. మిల్లు మూడు పూటలా నడిచేది. రాత్రి పూట పని దిగిన కార్మికులు దూది అంటిన తలలతోనే ప్రాతఃకాలాభిషేకానికి వచ్చి నిలబడేవారు. పెద్దాయన, అనగా సంస్థను స్థాపించిన యజమాని, ప్రతి సోమవారం వచ్చి నేల మీద కూర్చొనేవారు. నాలుగు సేర్ల బియ్యం నైవేద్యం. అది కార్మికుల పిల్లలకు చేరేది.

పెద్దాయన గతించారు. మిల్లులో ఒక పూట తగ్గినది, మరొక పూట తగ్గినది. కుమారులు దుష్టులు కారు. వారికి అప్పులున్నవి. అయితే అప్పటినుండి ఆలయం ఖర్చుల పట్టికలో ఒక పంక్తి అయినది. మొదట సన్నాయి, డోలు పోయినవి. వాటి స్థానంలో కరెంటుతో మోగే నగారాయంత్రం తెచ్చి గోడకు బిగించారు. మీట నొక్కితే డోలు, గంట, జేగంట ఒకేసారి మోగుతాయి, తాళం తప్పవు, శ్వాస తీసుకోవు. సన్నాయి వాయించే అతడు ఆ దినం యంత్రం ఎదుట నిలబడి, రెండు హారతులు పూర్తయ్యేదాకా విని, వాద్యాన్ని గుడ్డలో చుట్టుకొని పోయాడు. తరువాత రెండవ అర్చకుడు. తరువాత స్వయంపాకి. నైవేద్యం నాలుగు సేర్లనుండి అర సేరుకు వచ్చినది, దానిని నేనే వండేవాడను. పూల వృద్ధురాలిని ఎవరూ తీసివేయలేదు, కూలి ఇవ్వడం మానేశారు. ఆమె మరి మూడు నెలలు ఊరక కట్టి ఇచ్చి, తరువాత కనబడలేదు.

మిగిలినవారి మధ్య ఏమి జరిగినదో చెప్పడం కష్టం. పనివాండ్రు తగ్గినకొద్దీ పరస్పరప్రేమ పెరగవలెనని అనుకొంటాము. అట్లా జరగలేదు. ఎవరి తప్పు ఎవరికి దొరుకుతుందా అని చూసుకొనే స్థితి వచ్చినది. హారతి పళ్లెంలో పడిన చిల్లరను గుమాస్తా లెక్కించి వ్రాయడం మొదలుపెట్టాడు. అంతరాలయద్వారం మీద కెమెరా బిగించారు. దొంగతనం భయమన్నారు. అది స్వామి వైపు గాక నా వైపు తిరిగి ఉండేది. కాపలాదారు నాతో మాట్లాడడం మానేశాడు, నేను అతనితో మానేశాను. కారణం ఇద్దరికీ తెలియదు. నెలాఖరున గుమాస్తా గది దగ్గరి చెప్పుల శబ్దం వింటే గర్భాలయంలో ఉన్న నాకు మంత్రం మధ్యలో గుండె జారేది. ఈసారి ఎవరు?

2017లో పరిచారకుని వంతు వచ్చినది.

ఇతని విషయం విస్తరించి చెప్పవలెను. నాకంటె పండ్రెండేళ్లు చిన్నవాడు. దూరపు బంధువు, నన్ను 'అన్నయ్యా' అని పిలిచేవాడు. వేదం పూర్తిగా చదువలేదు. రుద్రం, పంచసూక్తాలు, ఉపనిషత్తు భాగం వచ్చును. కాని స్వరం! ఉదాత్తానుదాత్తాలు అతని గొంతులో కొలిచినట్లు ఉండేవి. నేను మంత్రం చెబుతుంటే వెనుకనుండి అందుకొని చెప్పేవాడు. మా గురువుగారు ఒక నియమం నేర్పారు. రుద్రాభిషేకంలో నమకం ఎనిమిదవ అనువాకంలో పంచాక్షరీస్థానం వచ్చినప్పుడు ఒక బిల్వదళం లింగమస్తకం మీద ఉంచవలెను. ఆ దళాన్ని సరిగ్గా ఆ క్షణానికి నా చేతిలో పెట్టేవాడు ఇతడు. ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా ముందు గాని వెనుక గాని పెట్టలేదు. అతని రాగిచెంబులు అద్దంవలె ఉండేవి. చింతపండు, ముగ్గుపిండి, తరువాత విభూతి, మూడింటితో తోమేవాడు.

గుమాస్తా కాగితం ఇచ్చిన సాయంకాలం నా దగ్గరికి వచ్చి, "అన్నయ్యా, యజమానిగారికి మీరొక్క మాట చెప్పండి. మీ మాట వింటారు" అన్నాడు.

వినేవారో లేదో తెలియదు, నేను చెప్పలేదు. చెబితే తరువాతి కాగితం నా పేరున వస్తుందని భయం. ఆ భయాన్ని భయమని ఒప్పుకొన్నా బాగుండేది. "ఫలం ఈశ్వరాధీనం నాయనా, మనం నిమిత్తమాత్రులం" అని చెప్పి, దీపారాధనకు వేళయినదని లోపలికి పోయాను. బయటికి వచ్చేసరికి చెంబులన్నీ తోమి, బోర్లించి, పైన అంగవస్త్రం మడిచి పెట్టి పోయి ఉన్నాడు.

నిండుసభలో భీష్ముడు ధర్మం సూక్ష్మమని చెప్పి తప్పుకొన్న ఘట్టాన్ని నేను పురాణకాలక్షేపాలలో ఎన్నోసార్లు చెప్పాను. యుద్ధారంభంలో ధర్మరాజు నమస్కరించడానికి వచ్చినప్పుడు, పురుషుడు అర్థానికి దాసుడని, కౌరవుల అర్థానికి తాను బద్ధుడనయ్యానని పితామహుడు తానే ఒప్పుకొన్న చోటు కూడా చెప్పాను. శ్రోతలు నిట్టూర్చేవారు. 2017 తరువాత ఆ ఘట్టాన్ని చెప్పమని అడిగితే వేరే ఘట్టం ఎత్తుకొనేవాడను.

మరల మిత్రుని దగ్గరికి వస్తాను. 2020 జనవరి 31న అతని వీడ్కోలుకు వెళ్లాను. శాలువా, పూలమాల, కొబ్బరికాయ. వెళ్లేవారి ముఖాలలో కొంత విచారం, కొంత నిశ్చింత. మిగిలే ఇద్దరు ముగ్గురి ముఖాలు చూడలేకపోయాను. రేపు ఉదయం తాళం ఎవరు తీస్తారని వారు తమలో తాము మెల్లగా మాట్లాడుకొంటున్నారు. ఒక మూల ఒక యువకుడు నిలబడి ఉన్నాడు. పధ్నాలుగేళ్లు మిత్రునితోపాటు స్తంభాలెక్కినవాడు, కాంట్రాక్టరు క్రింద కూలీ. పథకం ఖాయపు ఉద్యోగులకు మాత్రమే గనుక అతనికి అందులో చోటు లేదు. ఇంటికి నడిచి వస్తూ మిత్రుడు అన్నాడు: "నాకు లెక్కకట్టి ఇస్తాండారు స్వామీ. వానికి కాంట్రాక్టరు రేపటినుంచి రావద్దన్నాడు, అంతే. మాల నా మెడలో వేసేది వానితోనే వేయించుకున్నా."

వీడ్కోలు వేళ అతడు కోరిన ఒకే ఒక కోరిక అదే అట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మోహమో భయమో అని నేను పేరు పెట్టిన ఆ త్యాగంలో, పోతూ పోతూ ప్రక్కవానిని చూసే కన్ను ఉన్నది. నేను నిలబడి ఉండటమే ధర్మమనుకొన్న స్థానంలో ఆ కన్ను లేదు.

మూడు వారాల తరువాత మహాశివరాత్రి. ఫిబ్రవరి 21, శుక్రవారం. లింగోద్భవకాలంలో ఏకాదశరుద్రాభిషేకం. నమకం పదకొండు ఆవృత్తులు, ఒక్కొక్క ఆవృత్తి చివర చమకంలో ఒక్కొక్క అనువాకం. సహాయకుడు లేడు. జలం నేనే తెచ్చుకొన్నాను, పాలు నేనే పోశాను. పదకొండు బిల్వదళాలను లెక్కించి పళ్లెంలో ఎడమచేతి ప్రక్కన పెట్టుకొన్నాను. జనం బాగా ఉన్నారు. నగారాయంత్రం మోగుతున్నది. రెండు నెలల జీతం రావలసి ఉన్నది, కుమార్తెకు కట్టవలసిన కళాశాల రుసుము ఉన్నది. అన్నీ ముగిసి, నిర్మాల్యం సవరించి, పళ్లెం ఎత్తబోయాను. పళ్లెంలో ఒక దళం మిగిలి ఉన్నది.

వేదం చదివినవారికి ఇక చెప్పవలసినది లేదు. ఇతరులకోసం వివరిస్తాను. ఐదవ అనువాకం మొదలు తొమ్మిదవదాకా వాక్యాల నడక ఒకే పోలికగా సాగుతుంది. మనస్సు తప్పితే నాలుక ఒక మెట్టునుండి మరొక మెట్టుకు జారుతుంది, శబ్దం ఆగదు గనుక చెప్పేవానికి కూడా తెలియదు. ఏదో ఒక ఆవృత్తిలో ఏడవదానినుండి తొమ్మిదవదానికి పోయాను. రుద్రానికి హృదయమని పెద్దలు చెప్పే పంచాక్షరి ఉన్న అనువాకాన్నే, శివరాత్రి నాడు, లింగోద్భవవేళ, విడిచిపెట్టాను. మందిరం నిండా జనం, ఒక్కరికీ తెలియలేదు. పరిచారకుడు ఉండి ఉంటే దళం పట్టుకొన్న అతని చేయి నా ముందుకు వచ్చేది, నేను ఆగేవాడను.

వేదాన్ని ఒంటరిగా చదవరాదని, జంటగా సంథ చెప్పుకోవలెనని పాఠశాలలో నియమం. ఒకని ప్రమాదాన్ని మరొకడు పట్టుకొంటాడు. మూడు వేల ఏళ్లు అక్షరం పోకుండా నిలిచినది ఆ జంటచదువు వల్లనే. కూలి మిగులుతుందని ప్రక్కవానిని తీసివేస్తే ఏమి పోతుందో లెక్కల పుస్తకంలో కనబడదు. నాకు పళ్లెంలో కనబడినది.

మరునాడు మిగిలిన ఆ పూటకు ప్రాయశ్చిత్తంగా మరల ఏకాదశరుద్రం చేసుకొని, ఉగాదితో కొలువు చాలిస్తానని కాగితం వ్రాసి ఇచ్చాను. గుమాస్తా చదివి, "మీరే వ్రాశారు, మంచిది" అన్నాడు. ఆ మాటలో ఒక జీతం తగ్గిన తేలికదనం ఉన్నది. కోపం రాలేదు. అతని పేరు కూడా ఏదో ఒక పట్టికలో ఉండే ఉంటుంది.

విడిచిపోవడాన్ని గురించి మన వాఙ్మయంలో ఉన్నవాటిలో నాకు యాజ్ఞవల్క్యుని కథ మీద ప్రత్యేకమైన మమకారం. మేము తైత్తిరీయశాఖవాళ్లం, మా శాఖ పేరు ఆ కథలోనుండే పుట్టినది. గురువు వైశంపాయనునికి కలిగిన దోషానికి శిష్యులందరూ వ్రతం చేయవలసి వచ్చినప్పుడు, ఈ అల్పశక్తులెందుకు, నేనొక్కడినే చేస్తానన్నాడు యాజ్ఞవల్క్యుడు. గురువు తోటివారిని అవమానించావని ఆగ్రహించి, నేర్చినది తిరిగి ఇచ్చి పొమ్మన్నాడు. కక్కిన యజుస్సులను తిత్తిరిపక్షులై తక్కిన శిష్యులు గ్రహించారు. అతడు సూర్యుని ఆరాధించి శుక్లయజుర్వేదం పొందాడు. సాధారణంగా ఈ కథను యాజ్ఞవల్క్యుని ప్రతాపంగా చెబుతారు. నాకు ఇప్పుడు ఆ తిత్తిరిపక్షులే ఎక్కువ జ్ఞాపకం వస్తాయి. వెళ్లినవాడు మహర్షి అయ్యాడు. మిగిలినవారు నేల మీద పడినదాన్ని ఏరుకొన్నారు. ఆ ఏరుకొన్నవారి సంతతినే మేము.

విదురుడు వేరు. భాగవతం తృతీయస్కంధంలో దుర్యోధనుడు పరుషంగా వెళ్లగొట్టినప్పుడు, ధనుస్సును ద్వారం దగ్గర పెట్టి తీర్థయాత్రకు పోయాడు. కొలువుకు సంబంధించినది కొలువు గుమ్మంలోనే ఉండిపోయినది. అతడు మాట్లాడవలసిన ప్రతి సభలోనూ మాట్లాడి, తరువాత వెళ్లినవాడు. ఆ క్రమం నాకు లేదు.

ఉగాదికి పోదామనుకొన్నాను గదా! 2020లో ఉగాది మార్చి 25. ముందునాటి అర్ధరాత్రినుండి దేశమంతా లాక్‌డౌన్. ఆలయం తలుపులు మూసినా నిత్యార్చన ఆపరాదు, క్రొత్త అర్చకుడు రాలేడు. యజమాని ఫోన్ చేసి ఆగమన్నారు. ఆగాను. జీతం సగమన్నారు, సరేనన్నాను. రెండున్నర నెలలు ఆ ప్రాకారంలో నేనొక్కడినే. భక్తులు లేరు, పళ్లెం లేదు, నగారాయంత్రం మీట నేను నొక్కలేదు. చేతిగంట వాయించాను. మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి పోయిన మా ఆలూరు తాలూకా జనం అక్కడే చిక్కుకొన్న వార్తలు ఫోనులో వచ్చేవి. వానలేని ఏట ఇంటికి తాళం వేసి పిల్లాపాపలతో కూలికి పోవడాన్ని మా వైపు సుగ్గి అంటారు. బయలుదేరే ముందు ఇంటి గడపకు పసుపు రాసి, గుడిలో కొబ్బరికాయ కొట్టి పోతారు. వారు విడిచిపోవడాన్ని త్యాగమా, పలాయనమా అని ఎవరూ విచారించరు. నేనూ ఎన్నడూ విచారించలేదు. వారి కాయ కొట్టి ఇచ్చి, చిప్ప చేతిలో పెట్టాను, అంతే.

ఆ రెండున్నర నెలల అర్చన ఎట్లా జరిగినదో చెబితే ఆత్మస్తుతి అవుతుంది. పోయేది నిశ్చయమైన తరువాత చెప్పుల శబ్దానికి భయపడవలసిన పని లేకపోయినది. ప్రతి దినం ఎనిమిదవ అనువాకం వచ్చినప్పుడు ఆగి, దళం ఉంచి, తరువాత ముందుకు పోయేవాడను. గీత చెప్పిన సంగత్యాగమంటే ఇదేనా అని ఒకనాడు తోచినది. వెంటనే సిగ్గు కలిగినది. రాజీనామా ఇచ్చిన తరువాత నిర్భయత్వం సులభం. అది 2017లో ఉండవలసినది.

జూన్‌లో ఆలయాలు తెరచిన తరువాత అప్పగింతలు. 1994 నాటి పుస్తకం తెచ్చి ఒక్కొక్క వస్తువు లెక్క సరిచూశారు. వెండికవచం, పంచపాత్రలు, హారతులు, ఘంటలు, రాగిచెంబులు ఆరు. అన్నీ సరిపోయినవి. చెంబులు నల్లబడి ఉన్నవి, నేను అతనివలె తోమలేను. గుమాస్తా ఆ పుస్తకంలో "సరి" అని వ్రాశాడు.

ఆలూరులో ఇప్పుడు ఒక చిన్న గుడిలో నిత్యపూజ చేస్తున్నాను. ఇద్దరు పిల్లలకు సంథ చెబుతున్నాను, ఇద్దరికి తగ్గితే చెప్పను. పూర్వపు జీతంలో సగం కూడా లేదు. దీనిని సాత్త్వికత్యాగమని పిలిచే సాహసం నాకు లేదు. బిడ్డ ఉద్యోగం గురించి అడగవచ్చినవారిని నేను ఇప్పుడు అడిగేది ఒకటే: వాని ప్రక్క కుర్చీలోవానిని తీసివేసిన దినం మీవాడు ఏమి చేశాడు? చాలామంది తల్లిదండ్రులకు ఈ ప్రశ్న నచ్చదు. ఒకాయన మాత్రం ఫోన్ తీసి వెంటనే కొడుకును అడిగాడు. అవతల చాలాసేపు శబ్దం లేదు.

పరిచారకుడు బళ్లారిలో పెళ్లివంటల బృందంలో ఉన్నాడని తెలిసి, కొలువు విడిచిన మరుసటి ఏడు పోయాను. ఒక కల్యాణమంటపం వెనుక, గాడిపొయ్యి దగ్గర ఉన్నాడు. చూసి లేచి, తడిచేతులు తుడుచుకొని నమస్కరించాడు. చెప్పదలచినది చెప్పాను. వినలేదో, విన్నా విననట్లున్నాడో, "భోజనం చేసి పోవాలన్నయ్యా" అన్నాడు. వడ్డన అయిన తరువాత, కలిసి ఒక్క ఆవృత్తి నమకం చెప్పుకొందామా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. "నోరు తిరగడం లేదు. నాలుగేళ్లయింది కదా. తప్పు చెబుతాను" అన్నాడు.

బస్సు దగ్గరికి నాతోపాటు నడిచి వచ్చాడు. ఎక్కబోతుండగా అడిగాడు: "ఇప్పుడు అక్కడ చెంబులు ఎవరు తోముతున్నారు?"

తెలియదన్నాను.